మూడో చెరువు నీళ్ళు

సంచిలో బరువైనవి ముందు పెట్టాలి. ఆ మాట మా చెల్లికి చెబుతూనే నేను తేలికవన్నీ అడుగున పెట్టేశాను. నాలుగు జతల బట్టలు, తువ్వాలు, దువ్వెన, చలికి వేసుకునే స్వెట్టరు, ఆల్చిప్పలు కడిగేటప్పుడు చేతులకు వేసుకునే రబ్బరు తొడుగులు. తొడుగులు ఎందుకని అడిగింది. "మా అమ్మ దగ్గర ఆల్చిప్పలు ఎక్కడున్నాయక్కా, మోకాళ్ళ నొప్పులు తప్ప" అంది. నేను తొడుగులు తీశాను, మళ్ళీ పెట్టాను, మళ్ళీ తీశాను. చివరికి ఆమే నా చేతిలోంచి లాక్కుని సంచిలో పడేసింది.

చెల్లి అంటే నా తోడబుట్టింది కాదు. మా మరిది భార్య, నా తోడికోడలు. పదకొండేళ్ళు ఒకే వంటింట్లో వండాం, ఒకే చెరువుగట్ల మీద తిరిగాం.

"పది రోజులేగా. పది రోజుల్లో కోపాలు చల్లారతాయి. మరిది వచ్చి తీసుకొస్తాడు" అన్నాను.

"ఎవరి కోపం చల్లారాలక్కా? వాళ్ళదా, నాదా?"

నేను జిప్పు లాగాను. మధ్యలో ఇరుక్కుంది. బయట వసారాలోంచి మా అత్తగారు మాకు వినపడేంత గట్టిగా గోడతో మాట్లాడుతోంది. "నాలుగు గుడ్డలు సర్దడానికి ఇంతసేపా? దండయాత్రకేమైనా వెళ్తోందా?" నాకు నవ్వు రాలేదు. చెల్లికి వచ్చింది. ఎలాంటప్పుడైనా ఆమెకు నవ్వొచ్చేది. అందుకే మా అత్తగారు ఆమెకు గలగల అని పేరు పెట్టింది. నాకు మూగమొద్దు అని పెట్టింది. ఎవరైనా వస్తే "మా ఇంట్లో ఒక గలగలా, ఒక మూగమొద్దూ ఉన్నాయండీ, రెండూ కలిపితే ఒక మనిషి" అని నవ్వించేది. వచ్చినవాళ్ళతో పాటు నేనూ నవ్వేదాన్ని.

ఎవరైనా చెప్పులు వేసుకుంటుంటే చాలు, నేను చేతిలో పని వదిలేస్తాను. చిన్నప్పటి నుంచీ అంతే. మా అమ్మ ఆసుపత్రికి వెళ్తూ సాయంత్రానికి వస్తానంది. అప్పుడు నాకు ఆరేళ్ళు. ఆ సాయంత్రం తర్వాత నేను ఎవరి సంచి సర్దినా ఏదో మరిచిపోయానేమోనని రెండుసార్లు విప్పి చూస్తాను. చెల్లి వెళ్ళిన రోజు మరిచిపోయింది సంచిలో పెట్టే వస్తువు కాదు. నోటితో చెప్పాల్సిన ఒక మాట. అది చెబితే ఆమె వెళ్ళనక్కరలేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

మావి మూడు ఉప్పునీటి చెరువులు. గట్టు మీద నిలబడితే సముద్రం కనపడదు గాని వినపడుతుంది. నేను కాపురానికి వచ్చేనాటికి మూడింట్లోనూ చేపలే ఉండేవి. మేత వెయ్యడం, నీళ్ళు పాడవడం, జబ్బులు రావడం, మళ్ళీ కొత్త పిల్లల్ని వదలడం. మగవాళ్ళిద్దరూ మేత తేవడానికీ, చేపలు అమ్మడానికీ వెళ్ళేవాళ్ళు. మిగిలినదంతా మాది. మిగిలినది అంటే ఏమిటో మా ఆయనను అడిగితే "ఆ, ఇంట్లో ఆడవాళ్ళు చూసుకుంటారు" అనేవాడు. తెల్లవారగానే మూడు చెరువుల నీళ్ళూ చూడడం, చచ్చినవాటిని ఏరడం, వలలు కుట్టడం, గట్టుకు పీతలు చేసిన బొక్కలు పూడ్చడం, మోటారు వెయ్యడం, తీయడం, మధ్యలో వచ్చి వంట, అత్తగారి కాళ్ళకు నూనె, నా కూతురి బడి. ఇదంతా చూసుకోవడం. చూడడానికి ఖర్చేముంది?

చెల్లి వచ్చిన రెండో ఏడు మూడో చెరువులో చేపలన్నీ పోయాయి. దాన్ని వదిలేశారు. వదిలేసిన చెరువులో సముద్రపు నాచు దానంతటదే పెరిగింది. "తీసెయ్యండి, చూడ్డానికి అసహ్యంగా ఉంది" అన్నాడు మా ఆయన. చెల్లి తీయలేదు. దాని ముందు కూర్చుని చూసేది. ఏం చూస్తున్నావే అంటే, "ఆ నీళ్ళు చూడక్కా, ఎవరో వడపోసినట్టున్నాయి" అంది. ఇంకో ఏడాదికి రెండో చెరువులో తాళ్ళు వేలాడదీసి ఆల్చిప్పలు పెంచాం. అది నా ఆలోచన. ఇప్పటికీ నాదని చెప్పడానికి గొంతు తగ్గుతుంది. పుట్టింట్లో మా నాన్న పడవ అడుగున ఆల్చిప్పలు పట్టేవి, అవి పట్టిన చోట నీళ్ళు తేటగా ఉండడం చిన్నప్పుడు చూశాను. అంతే.

అప్పటి నుంచి నీళ్ళు ఒక చుట్టు తిరిగేవి. మేత తిన్న చేపలు మొదటి చెరువు నీళ్ళను మురికి చేస్తాయి. ఆ నీళ్ళను మోటారుతో రెండో చెరువులోకి ఎత్తిపోస్తాం. మురికిలోని నలుసుల్ని ఆల్చిప్పలు వడకట్టుకు తింటాయి. అక్కడి నుంచి నీళ్ళు పల్లానికి మూడో చెరువులోకి పోతాయి. కంటికి కనపడకుండా కరిగిపోయి ఉన్నదాన్ని అక్కడ తాళ్ళకు పెంచే నాచు పీల్చుకుంటుంది. ఆ తేట నీళ్ళు తూము గుండా మళ్ళీ చేపల దగ్గరికి. చేపల ఎంగిలి ఆల్చిప్పలకు, ఆల్చిప్పల ఎంగిలి నాచుకు. "మన ఇంట్లో లాగే అక్కా, చివర తినేవాళ్ళే అందరికీ గాలి ఆడేట్టు చేస్తారు" అనేది చెల్లి. మేమిద్దరం చివర తినేవాళ్ళం.

ఇందులో ఒక కిటుకుంది. మూడో చెరువు నీళ్ళు ఎప్పుడూ తేటగానే ఉంటాయి. కానీ తేటగా ఉన్న నీళ్ళన్నిట్లో ఊపిరి ఉండదు. నాచు ఎండలో నీళ్ళకు ఊపిరి పోస్తుంది. చీకట్లో తనే లాక్కుంటుంది. ఎండ బాగా తగిలితే నాచు కొసల మీద ఆవగింజలంత బుడగలు వస్తాయి, గాజుపూసలు గుచ్చినట్టు. అవి కనపడ్డాకే తూము పలక ఎత్తాలి. మబ్బు పట్టిన రోజు ఎత్తనే కూడదు. రెండుసార్లు చేపలు పోగొట్టుకున్నాక తెలుసుకున్నాం. బుడగలు కనపడగానే చెల్లి అవతలి గట్టు నుంచి కేకేసేది. "అక్కా, నాచు నవ్వింది!" నేను పలక ఎత్తేదాన్ని. ఎనిమిదేళ్ళలో ఎన్ని వందల పొద్దుటిపూటలు ఆ కేక విన్నానో. ఇవన్నీ మేం అన్నాలప్పుడు మగవాళ్ళకు చెప్పాం. మా ఆయన "సరేలే" అన్నాడు, మరిది పెరుగు అడిగాడు.

చేపలు బతకడం మొదలయ్యాక ఊళ్ళో పేరొచ్చింది. మా ఆయనకు వచ్చింది. చేపల ఆఫీసు నుంచి ఒక ఆఫీసరు వచ్చి చూసి, మంచివాడు, శ్రద్ధగా రాసుకున్నాడు. "ఈ ఆలోచన ఎవరిదండీ?" అని అడిగితే మా ఆయన గొంతు సవరించుకుని "అలా తట్టిందండీ" అన్నాడు. ఎవరికి తట్టిందో చెప్పలేదు, కాబట్టి అబద్ధం కాదు. మా చెరువుల్ని నమూనా చెరువులుగా తీసుకుంటామనీ, మా ఆయన చేత మిగతా రైతులకు పాఠాలు చెప్పిస్తామనీ, పైవాళ్ళు ఐదుగురు వచ్చి చూస్తారనీ అన్నాడు.

వాళ్ళు వచ్చే రోజుకు ముందు మూడు రోజులు మబ్బు. ఎండ మొహం లేదు. నాచు నవ్వలేదు. చేపల చెరువు నీళ్ళు పచ్చగా చిక్కబడ్డాయి. ఏం ఫరవాలేదు, ఒక ఎండ కాస్తే సర్దుకుంటుంది, అంతవరకూ మేత తగ్గించి ఊరుకోవాలి. అలాగే అనుకున్నాం మేమిద్దరం. వాళ్ళు వచ్చే పొద్దున కూడా మబ్బే. నేను వంటింట్లో టీకి నీళ్ళు పెడుతున్నాను. చెల్లి రెండో చెరువులో ఆల్చిప్పల తాళ్ళు కడుగుతోంది. కిటికీలోంచి చూస్తే మా ఆయన, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెప్పులు గట్టు మీద విప్పి, మూడో చెరువు తూము దగ్గర వంగి ఉన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆ పలకను ముట్టుకోవడం అదే మొదలు. రెండు చేతులతో పూర్తిగా ఎత్తేశాడు. తేట నీళ్ళు చేపల చెరువులోకి దూకాయి. వచ్చేవాళ్ళకు నీళ్ళు అద్దంలా కనపడాలని.

పిలవాల్సింది. కిటికీ తెరిచే ఉంది. నేను అనుకున్నదల్లా, తెలిసే తీసి ఉంటాడులే అని. తర్వాత, చెబితే నలుగురొచ్చే వేళ గొడవవుతుందేమో అని. తర్వాత టీ నీళ్ళు మరిగాయి.

గంటన్నర తర్వాత వచ్చినవాళ్ళందరూ గట్టు మీద వరసగా నిలబడ్డారు. నేను టీ గ్లాసుల ట్రే పట్టుకుని వెళ్ళాను. అప్పటికే చేపలు పైకి తేలుతున్నాయి. వందలు. నీటిమట్టానికి మూతులు పెట్టి, గుండ్రంగా తెరిచి, మూసి, తెరిచి.

"చూశారా సార్! మనుషుల అలికిడికి ఎంత అలవాటు పడ్డాయో! మిమ్మల్ని చూడ్డానికే పైకొచ్చాయి" అన్నాడు మా ఆయన.

అందరూ నవ్వారు. ఒకాయన ఫోటో తీశాడు. ఇంకొకాయన చేపలకు చెయ్యి ఊపాడు.

ఆయన తెలిసి అబద్ధమాడలేదు. నిజంగా అలాగే అనుకున్నాడు. ఊపిరాడక నోరు తెరిచినవాటిని చూసి స్వాగతం చెబుతున్నాయనుకున్నాడు. నాకు తెలుసు. నా చేతిలో ట్రే ఉంది. కింద పెట్టడానికి చోటు లేదని అనుకున్నాను. గట్టంతా చోటే.

అవతలి గట్టున చెల్లి తల ఎత్తి చూసింది. చేతిలోని బుట్ట వదిలేసింది. ఆల్చిప్పలు గట్టు మీద నుంచి దొర్లుతుంటే వాటి మీదే పరిగెత్తుకుంటూ వచ్చి తూము పలక కిందికి తోసింది. అది సగంలో ఇరుక్కుంది. కాలితో తన్నింది. "సముద్రం తూము తియ్యండి! నీళ్ళు కొట్టండి, ఊరికే చూస్తారేంటి, నీళ్ళు కొట్టండి!" అని అరుస్తూ వెదురు గెడతో చేపల చెరువులోకి దిగి నీళ్ళను బాదింది. నీళ్ళు చిలికితే కాస్త గాలి కలుస్తుంది. పెద్దాయన ప్యాంటు తడిసింది. "ఎవరయ్యా ఈవిడ?" అన్నాడు. "మా తమ్ముడి భార్యండీ. కాస్త తొందర మనిషి" అని మా ఆయన నవ్వబోయాడు. మరిది పరుగెత్తి సముద్రపు నీళ్ళు వచ్చే తూము తీశాడు.

మధ్యాహ్నానికి మూడో వంతు చేపలు తెల్లటి పొట్టలతో తేలాయి. మిగిలిన రెండు వంతులూ బతికింది ఆమె వల్ల. కానీ ఎవరో ఒకరు తప్పు చేసి ఉండాలి కదా. తూము ఎవరు తీశారని ఆఫీసరు అడిగితే, మా ఆయన ఒక్క క్షణం నేల చూసి, "పొద్దున ఆ చెరువుల దగ్గర ఉన్నది మా మరదలండీ" అన్నాడు. అదీ నిజమే. ఆయన ఎప్పుడూ నిజాలే చెప్పేవాడు, పక్కపక్కన పెట్టడంలోనే ఉండేదంతా.

చెల్లి నడుం లోతు నీళ్ళలో నిలబడి నా వైపు చూసింది. ఆఫీసరు కూడా నా వైపు తిరిగాడు. "అమ్మా, మీరు ఇంట్లోనే ఉన్నారుగా. మీరేమైనా చూశారా?"

"టీ పెడుతున్నానండీ. చూడలేదు" అన్నాను.

ఆ మూడు మాటలకు నాకు ఇప్పటికీ నోరు ఎండిపోతుంది.

తర్వాత ఐదు రోజులు ఇల్లు ఇల్లు కాదు. ఆఫీసువాళ్ళు నమూనా చెరువుల మాట తేల్చాలంటే పొరపాటు ఎలా జరిగిందో రాసి ఇవ్వాలట. చెల్లి తనే తూము తీశానని ఒప్పుకుని సంతకం పెడితే పనైపోతుందని మా ఆయన. "ఒక్క సంతకమేగా. అన్నయ్య పరువు పోతుంది. నీకేం పరువుందని పోవడానికి?" అని మరిది. అలా అన్నాక తనే నాలుక కరుచుకున్నాడు గాని, అన్నమాట అన్నట్టే ఉండిపోయింది. "తియ్యని తూము తీశానని ఎలా రాస్తాను? రేపు ఇంకెవరైనా అది చదివి మబ్బులో తూము తియ్యడం ఒక ఆడదాని తెలివితక్కువ అనుకుంటారు. అసలు సంగతి నేర్చుకోరు" అంది ఆమె. ఆమె దిగులు చేపల గురించి. మా అత్తగారు తీర్పు చెప్పింది. "బుద్ధి వచ్చేదాకా పుట్టింట్లో ఉండనివ్వండి."

ఆ ఐదు రోజులూ చెల్లి నన్ను ఏమీ అడగలేదు. పక్కపక్కనే కూర్చుని కూరలు తరిగాం. నేను ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాను, ఆ రోజుల్లో మూగమొద్దు నోరు మూతపడలేదు. సంచి జిప్పు చివరికి కదిలాక, అప్పుడు అడిగింది.

"ఒక్కటి చెప్పక్కా. నువ్వు చూశావా?"

"చూశాను."

"అదే అనుకున్నా. కిటికీ ఎప్పుడూ తెరిచే ఉంటుంది." "మరి?" అంది.

నేను సంచి ఎత్తి పట్టుకున్నాను. ఆమె సంచి భుజాన వేసుకుంది. బస్సు దాకా మరిది వెళ్ళాడు. నేను గడప దగ్గరే ఉండిపోయాను, పొయ్యి మీద పాలున్నాయని.

పది రోజులు, ఇరవై రోజులు. మరిది వెళ్ళలేదు, ఆమె రాలేదు. ఒక మనిషి లేకపోవడం అన్నది మొదట చేతులకు తెలుస్తుంది. తాడు ఒక కొస నేను పట్టుకుంటే రెండో కొస కింద పడేది. తూము పలక దగ్గర నిలబడి కేక కోసం ఎదురుచూసి, తర్వాత గుర్తొచ్చి, గట్టు చుట్టూ నడిచి వెళ్ళి నేనే నాచు చూసుకుని, మళ్ళీ తిరిగొచ్చి నేనే ఎత్తుకునేదాన్ని. ఒకరోజు బుడగలు చూసి, ఎవరూ లేరు కదా అని, "నాచు నవ్వింది" అని నెమ్మదిగా అన్నాను. నా గొంతులో అది బాగాలేదు. ఆల్చిప్పలు కడుగుతూ పక్కకు తిరిగి ఏదో చెప్పబోయి ఎన్నిసార్లు ఆగిపోయానో. ఆమె పాడు జోకులు, పని మధ్యలో మా అత్తగారి నడకను అనుకరించడం, నా జడ వదులైతే తడిచేత్తోనే బిగించడం. నాకు పెళ్ళయి అప్పటికి పంతొమ్మిదేళ్ళు. మనిషి కోసం మనసు లాగడమంటే ఏమిటో ఆ చలికాలంలో తెలిసింది. అది మా ఆయన కోసం కాదు.

మా ఆయన సంతకం లేకుండానే గట్టెక్కాడు. చెరువులు నమూనా చెరువులయ్యాయి. నెలకోసారి ఎక్కడెక్కడి రైతులో వచ్చేవాళ్ళు. ఆయన గట్టు మీద నిలబడి చెప్పేవాడు. మధ్యలో ఎవరైనా లోతుగా అడిగితే వంటింటి వైపు తిరిగి, "ఏమే, నాచు తాళ్ళు ఎన్నాళ్ళకోసారి మార్చాలి?" అని కేకేసేవాడు. "ఆరు వారాలకి" అని లోపలి నుంచి నేను. "ఆరు వారాలకండీ" అని ఆయన. రైతులు ఆయన చెప్పినప్పుడు రాసుకునేవాళ్ళు.

ఏడో నెలలో ఆఫీసు నుంచి పుస్తకాల కట్ట వచ్చింది. పదహారు పేజీల చిన్న పుస్తకం, అట్ట మీద మా ఆయన ఫోటో. నేను బడికి రెండేళ్ళే వెళ్ళాను. చదవడం మేత సంచుల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను, తప్పులు చెల్లి దిద్దేది. ఆ పుస్తకం తీసుకుని గట్టు మీద కూర్చున్నాను. వేలు పెట్టి చదివాను. పదకొండో పేజీలో ఉంది. "ఇంట్లోని ఒక మహిళ అవగాహన లేక మబ్బు రోజున తూము తెరవడం వల్ల చేపలు చనిపోయాయి. కాబట్టి తూముల బాధ్యత మహిళలకు అప్పగించరాదు." తప్పు చదివానేమోనని మళ్ళీ చదివాను. మూడోసారి చదివాను. పుస్తకంలో అచ్చయినది అబద్ధం కావచ్చని నాకు అంతవరకూ తెలియదు. అచ్చులో ఉన్నదల్లా నిజమని నమ్మే కదా అంత కష్టపడి చదవడం నేర్చుకున్నది. ఈ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కోనక్కరలేదు. నా నోట్లోంచి వచ్చింది. టీ పెడుతున్నానండీ, చూడలేదు.

ఆ వారమే రైతులొచ్చారు. ఇరవై మంది, వాళ్ళలో నలుగురు ఆడవాళ్ళు. ఆఫీసరూ ఉన్నాడు. నేను నాచు తాళ్ళు ఉతుకుతున్నాను, మోచేతుల దాకా బురద. మా ఆయన పదకొండో పేజీ దాకా వచ్చాడు. "అందుకే చెబుతున్నా, తూము ఆడవాళ్ళ చేతికిస్తే ఇంతే సంగతులు" అన్నాడు. మగవాళ్ళు నవ్వారు. ఆ నలుగురు ఆడవాళ్ళలో ఒకామె కూడా, నేను నవ్వినట్టే, నవ్వింది.

"తూము తీసింది మీరు" అన్నాను.

ఎవరికీ వినపడలేదు. తాళ్ళు వదిలేసి లేచాను.

"ఆ రోజు తూము తీసింది మీరు. నేను కిటికీలోంచి చూశాను. చెప్పులు ఇక్కడ విప్పారు. ఆఫీసరుగారూ, మీరడిగినప్పుడు చూడలేదన్నాను. అబద్ధం చెప్పాను. మా చెల్లి తూము మూసింది. నాచు ఎప్పుడు ఊపిరి పోస్తుందో కనిపెట్టింది కూడా తనే. ఈయన మీకు చెప్పేవన్నీ తను చెప్పినవే."

"ఏమైందే నీకు? ఎండ దెబ్బ తగిలిందా?" అన్నాడు మా ఆయన. ఆయన మొహం చూస్తే జాలేసింది. నిజంగా మరిచిపోయాడు. అన్నిసార్లు చెప్పి చెప్పి, ఆ రోజు తూము తీసింది ఆమేనని తనే నమ్మేశాడు.

ఆఫీసరు పుస్తకం మూసి, నన్ను చూసి, "రండమ్మా, నాచు సంగతి మీరు చెప్పండి" అన్నాడు. మోచేతుల బురద చీరకు తుడుచుకున్నాను. చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు. నవ్వినామె దగ్గరకొచ్చి బుడగలు చూపించమంది.

సాయంత్రం మా ఆయన "నలుగురిలో నా తల తీసేశావు" అని కంచం తోసేశాడు. మరిది లేచి బయటికి వెళ్ళిపోయాడు. మా అత్తగారు కాళ్ళు చాపి నూనె గిన్నె నా వైపు జరిపింది. "ఆ రోజు వాడు తూము దగ్గరికి వెళ్ళడం నేనూ చూశాలేవే" అంది. నేను చేతులు కడుక్కుని వెళ్ళి పడుకున్నాను. ఆమె కాళ్ళకు నూనె రాయని మొదటి రోజు అది.

చెల్లి పుట్టింట్లో లేదని ఆఫీసరే చెప్పాడు. వాళ్ళదే ఇంకో కేంద్రంలో, రెండు బస్సులు మారితే వచ్చే ఒక అఖాతం పక్కన, నాచు పనిలో చేరిందట. ఎవరినీ అడగలేదు. కూతురికి అన్నం పెట్టి, వెళ్ళి వస్తానని చెప్పి బస్సెక్కాను.

ఆమె మోకాలి లోతు నీళ్ళలో ఉంది, చుట్టూ ఆరుగురు పనివాళ్ళు. నన్ను చూసి చేతిలో ఉన్నది పక్కవాళ్ళకిచ్చి వచ్చింది. ఆమెకు ఒక గది ఇచ్చారు. ఒక మంచం, ఒక స్టౌ, సముద్రం వైపు కిటికీ. అంతా చెప్పాను. మరిది తీసుకురమ్మన్నాడని కూడా చెప్పాను. అన్నాడు మరి, నేను బస్సెక్కేముందు.

"తీసుకురమ్మన్నాడా? ఆయన కాళ్ళకేమైంది?" అని నవ్వింది. ఆ నవ్వు విని ఏడు నెలలు. తర్వాత నవ్వు ఆపి అంది. "ఆ రోజు నువ్వలా ట్రే పట్టుకుని నిలబడ్డావు చూడు. చేపలు పోయినందుకు నాకు ఏడుపు రాలేదక్కా. నిన్ను చూసి వచ్చింది."

నేను తల వంచుకున్నాను. ఆమె లేచి నా జడ విప్పి మళ్ళీ అల్లింది.

నాలుగు రోజులున్నాను. పొద్దున ఆఫీసు గదిలో రిజిస్టరులో ఆమె సంతకం పెట్టడం చూశాను, వంకరగా, విసురుగా, అలవాటైన చేత్తో. పనివాళ్ళు ఆమెను మేడమ్ అంటే చుట్టూ చూశాను, ఎవరినా అని. మధ్యాహ్నం ఇద్దరం గట్టు మీద కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని తిన్నాం, వేడివేడిగా, ఎవరికీ వడ్డించకుండా. మూడో రోజు మంచి ఎండ. అవతలి గట్టు నుంచి ఆమె కేకేసింది. నేను పరుగెత్తి పలక ఎత్తాను. అది మా పలక కాదు, మా చెరువు కాదు, ఐనా నా చేతులు పొరబడలేదు. నా జీవితంలో నేను సంతోషంగా ఉన్న రోజు ఏదని ఎవరూ అడగలేదు. అడిగితే ఆ రోజు చెప్పేదాన్ని.

"ఇక్కడ ఆల్చిప్పల దగ్గర ఒక మనిషి కావాలి. నేను ఆఫీసులో చెప్పాను, మా అక్క ఉందని. ఉండిపో" అంది.

"ఇల్లొక దారిలో పెట్టి వస్తానే. పిల్ల చదువు. చెరువులు ఎవరికైనా అప్పజెప్పాలి. చెప్పకుండా ఎలా ఉండిపోతాను?"

"చెబితే వదుల్తారా?"

"వానలు వెలిశాక వస్తాను. ఒట్టు."

ఆమె నా సంచి అందుకుంది. బస్టాండు దాకా వచ్చింది. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడే ఉంది.

వానలు వెలిసే లోపు మా అత్తగారు గట్టు మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. మూడేళ్ళు మంచంలో ఉంది. ఎత్తి కూర్చోబెట్టాలంటే నేనే. తర్వాత నా కూతురు పెళ్ళి, కాన్పు, రెండో కాన్పు. తర్వాత మా ఆయనకు పక్షవాతం. ఎవరూ నన్ను కట్టెయ్యలేదు. వెళ్ళొద్దని ఒక్కరూ అనలేదు, నేను వెళ్తానని ఎవరికీ చెప్పనే లేదు. చెల్లి ఉత్తరాలు రాసేది. మొదట్లో నెలకొకటి. రెండో మంచం వేయించాననీ, కిటికీ వైపు నాకు వదిలాననీ. కూడబలుక్కుని చదివేదాన్ని, జవాబు రాయడానికి కూర్చుంటే ఎప్పుడు వస్తున్నానో రాయాల్సిన చోట కలం ఆగిపోయేది. తర్వాత ఏడాదికొకటి. తర్వాత ఆమె ఇంకో తీరానికి కొత్త చెరువులు తవ్వించడానికి వెళ్ళిందని ఆఫీసరు చెప్పాడు. ఆయన కూడా ఇప్పుడు లేడు.

చెరువులు నేనే చూస్తాను. తూము పలక ఇంకెవరూ ముట్టుకోరు. నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలు ఇది ఎవరు కనిపెట్టారండీ అంటే ఆమె పేరు చెబుతాను, రాసుకోమంటాను, రాశారో లేదో వంగి చూస్తాను.

మా ఇంట్లో వాళ్ళు, ఊళ్ళో వాళ్ళు, మరిది కూడా, ఆమె అలిగి వెళ్ళిపోయి తిరిగి రాలేదని చెప్పుకుంటారు. వస్తానని ఆమె ఎవరికీ మాటివ్వలేదు. మాటిచ్చింది నేను. తిరిగి వెళ్ళనిది నేను. ఆమె దగ్గర నుంచి నేను బస్సెక్కింది మే నెల పదహారో తేదీ, ముప్పై ఒక్క ఏళ్ళ కిందట.